ఇంటి పనీ సమ్యక్ ఆజీవమే



ఏలూరు, తాడేపల్లిగూడెం పేటల్లో మన అక్కచెల్లెళ్లు ఇంట్లోనే మిషను కుడుతున్నారు, అప్పడాలు ఒత్తుతున్నారు, పచ్చళ్లు పెడుతున్నారు. దాన్ని "ఖాళీ టైములో చేసే పని" అనకండి. చాలా ఇళ్లలో పిల్లల ఫీజు కట్టేది ఆ డబ్బే.

బుద్ధుడు వ్యాపారాన్ని తప్పనలేదు. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం, ఈ ఐదింటి వ్యాపారమే వద్దన్నాడు. కొల్లేటి చేపల మీద బతికే ఇంటిని నిందించకండి, ఇంకో పనికి దారి చూపండి.

సిగాలోవాద సుత్తంలో సంపాదనను నాలుగు భాగాలు చెయ్యమన్నాడు: ఒకటి వాడుకో, రెండు పనిలో పెట్టు, ఒకటి ఆపదకు దాచు. కాబట్టి లెక్క రాయండి. మీ కూలి కూడా రాయండి. ఆ రెండు భాగాలు సారా కొట్టుకు పోనివ్వకండి.

"మన చేతి పచ్చడి ఎవరు కొంటారు?" అని పేట పేరు దాచుకుంటున్నారా? బొంబాయిలో బాబాసాహెబ్ షేర్ల సలహా వ్యాపారం పెడితే, కులం తెలిసి జనం రాలేదు. అది మూతపడింది గానీ ఆయన ఆగలేదు.

ఆయనకు లేని అండ మనం ఒకరికొకరం ఇవ్వగలం. పెళ్లికైనా, జయంతికైనా ముందు మన ఇళ్లలోనే కొనండి. అరువు పెట్టకండి. ప్యాకెట్టు మీద మీ పేరే రాయండి. ఇది దానం కాదు, మైత్రి.

జై భీమ్!