ముందటి ఆసనము

విమానము ఎక్కినవారికి ఈ దృశ్యము తెలిసినదే. ద్వారము దాటగానే వెడల్పైన కుర్చీలు కొన్ని కనబడును. వాటియందు కూర్చున్నవారు అప్పటికే పానీయములు అందుకొని, కాళ్లు చాచుకొని యుందురు. మిగిలినవారందరు సంచులు మోసికొని, పిల్లలను ఎత్తుకొని, వారి ప్రక్కనుండియే వెనుకకు నడచిపోవలెను. కూర్చున్నవారు తలయెత్తి చూడరు. నడచువారు చూడనట్లు నటింతురు. ఆ కొద్ది అడుగుల దారిలో మనుష్యుల హృదయములయందు ఎన్ని తలంపులు పుట్టునో దేవునికే తెలియును.

ముందు కూర్చున్నవారిలో అనేకుల టికెట్టు వారు కొన్నది కాదు, వారు పనిచేయు కంపెనీ కొన్నది. ఎవడు ముందు కూర్చుండవలెనో, ఎవడు వెనుక కూర్చుండవలెనో చెప్పుటకు పెద్ద కంపెనీలలో ఒక నియమావళి యుండును. దానిని ట్రావెల్ పాలసీ అందురు. కొన్ని కంపెనీలు హోదానుబట్టియు, కొన్ని ప్రయాణపు గంటలనుబట్టియు, కొన్ని రెంటినిబట్టియు నిర్ణయించును. "ఇది లెక్కలు వ్రాయువారి సంగతి, భక్తికి దీనితో ఏమి పని?" అని నీవు అడుగవచ్చును. పని కలదు. మనుష్యుడు తన డబ్బు ఖర్చుపెట్టునప్పుడు అతని అభిరుచి తెలియును. పరుల డబ్బు ఖర్చుపెట్టునప్పుడు అతని మనస్సాక్షి తెలియును.

మన తెలుగు సంఘములయందును ఇట్టి ప్రయాణములు చేయువారు నేడు తక్కువమంది కారు. అట్టి సహోదరుడొకరు ఆరాధన ముగిసిన పిమ్మట నాయొద్దకు వచ్చి ఇట్లనిరి: "అయ్యగారూ, మా కంపెనీ నియమము ప్రకారము నాకు బిజినెస్ క్లాసు, నా క్రింద పనిచేయు చిన్నవానికి ఎకానమీ క్లాసు. ఇద్దరము హైదరాబాదునుండి దుబాయి మీదుగా డాలసుకు వెళ్లితిమి. దుబాయివరకు నాలుగు గంటలు, అక్కడనుండి పదునారు గంటలు. నేను పడక పరచుకొని పడుకొంటిని. అతడు వెనుక వరుసలో ఇద్దరి నడుమ కూర్చుండెను. దిగిన మరునాటి ఉదయమే క్లయింటు ఎదుట నిలిచి పని చేసి చూపవలసినవాడు అతడే, నేను కాను. అతని కన్నులు ఎర్రబడియుండెను, చేతులు వణకుచుండెను. నేను ఏ నియమమును మీరలేదు. అయినను నాకు సమాధానము లేదు. నాది తప్పా?"

నేను వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిని. ఆ దినమునుండి ఆలోచించిన దానిని నీ యెదుట పెట్టుచున్నాను.

మొదట ఒక తప్పు ఉత్తరమును తొలగింతము. సుఖముగా కూర్చుండుటయే పాపమనియు, విశ్వాసి ఎల్లప్పుడు ఇరుకులోనే ప్రయాణము చేయవలెననియు కొందరు తలంతురు. ఇది లేఖనముల బోధ కాదు. ఏలీయా అరణ్యములో బదరీవృక్షము క్రింద పడి చావు కోరుకొన్నప్పుడు దేవదూత అతనిని గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను, రొట్టెయు నీళ్లును ఇచ్చెను, మరల నిద్రపోనిచ్చెను, మరల లేపి తినుమనెను. ప్రయాణము అతని శక్తికి మించినదని దేవుడే యెరిగియుండెను. ఎంత దూరము, ఎంత బలము అని చూచి, దానికి తగిన సదుపాయము చేయుట దైవికమైన పనియే.

దేహము మంటితో చేయబడినది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన పరిశోధనలో, 4 గంటలు లేక అంతకు మించి కదలక కూర్చుండి ప్రయాణము చేసినవారికి సిరలలో రక్తము గడ్డకట్టు అపాయము సుమారు రెండింతలగునని తేలినది. అది విమానమునకే కాదు, రైలుకును బస్సుకును కారుకును వర్తించును. అట్లు జరుగుట అరుదే. అయినను దేహమునకు హద్దులున్నవని అది మనకు జ్ఞాపకము చేయుచున్నది. మోకాళ్ల నొప్పిగల పెద్ద ఉద్యోగియు, గర్భవతియైన సహోదరియు విశాలమైన ఆసనము అడిగినయెడల, దానిని విలాసమని మనము ఎంచరాదు.

రెండవది, సొమ్ము ఎవరిది? కంపెనీ డబ్బు ఎవరిదియు కాదన్నట్లు అనేకులు ప్రవర్తింతురు. గృహనిర్వాహకుని చేతిలోనున్నది యజమానునిదని ప్రభువు ఉపమానములలో పలుమారు నేర్పెను. ఈ విషయములో శోధన చాల చిన్న రూపము ధరించి వచ్చును. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ప్రయాణికులకు మైళ్లు లెక్కించి బహుమానముగా ఇచ్చు ఏర్పాటు ఆరంభించెను. పిమ్మట ఇతర విమాన కంపెనీలును దానిని అనుసరించెను. ఉద్యోగి ప్రయాణమునకు కంపెనీ డబ్బు చెల్లించును, మైళ్లు ఉద్యోగి పేరున చేరును. అమెరికా ప్రభుత్వోద్యోగులు ఇట్టి మైళ్లను ప్రభుత్వమునకే అప్పగింపవలసియుండెను. 2001 చివర చేసిన చట్టము వాటిని వారే ఉంచుకొనవచ్చునని అనుమతించెను. కాబట్టి మైళ్లు ఉంచుకొనుట దొంగతనమని నేను చెప్పను. గాని చౌకగా వెళ్లు విమానము ఉండగా, నా మైళ్లకొరకు ఖరీదైన విమానమును ఎన్నుకొని, "ఈ సమయమే అనుకూలము" అని కాగితముమీద వ్రాసినయెడల, నేను ఏమి చేసినట్లు? బిజినెస్ క్లాసు బిల్లు చూపి, టికెట్టు మార్చుకొని, మిగిలిన డబ్బు జేబులో వేసికొనువారును లేకపోలేదు.

గేహజీని జ్ఞాపకము చేసికొనుము. నయమాను ఇష్టముగానే ఇచ్చెను. అడిగినదానికంటె ఎక్కువ ఇచ్చెను. తన యజమానుడు వద్దన్నదానిని అతని పేరు చెప్పి తీసికొనుటయే గేహజీ పాపము. దీనికి ఎదురుగా యోవాషు రాజు కాలమున మందిరమును బాగుచేసిన పనివారున్నారు. వారి చేతికి ఇచ్చిన డబ్బుకు ఎవరును లెక్క అడుగలేదు; ఏలయనగా వారు నమ్మకస్థులు. నీ ప్రయాణపు బిల్లును ఎవరును తెరచి చూడకపోయినను, అది అట్లే సత్యమైయుండునా? ఈ ప్రశ్నకు నీవు ఔనని చెప్పగలిగినయెడల, ఏ కుర్చీలో కూర్చుంటివనునది చిన్న సంగతి.

మూడవది, హోదాయా, అవసరమా? ఇక్కడనే నియమములు వేరగుచున్నవి. 2017లో భారత కేంద్ర ప్రభుత్వము ఇచ్చిన ఉత్తరువు ప్రకారము దేశములో విమానప్రయాణమునకు వేతన శ్రేణి 14 మొదలుకొని పైవారికి బిజినెస్ క్లాసు అర్హత. విమాన అర్హతగల దిగువ శ్రేణులవారికి ఎకానమీ క్లాసు. ఇది హోదానుబట్టి ఏర్పడిన కొలత. అమెరికా ప్రభుత్వ ప్రయాణ నియమములందు మరియొక కొలత కనబడును. సాధారణముగా అందరు వెనుకనే కూర్చుండవలెను. విదేశ ప్రయాణము 14 గంటలు మించి, దిగిన మరునాటికే పనిలో చేరవలసియున్నప్పుడు బిజినెస్ క్లాసుకు అనుమతి దొరకవచ్చును. దారిలోనైనను దిగిన తరువాతనైనను విశ్రాంతి దినము ఇచ్చినయెడల ఆ అనుమతి ఉండదు. మొదటి కొలత "నీవెవడవు?" అని అడుగును, రెండవది "నీవు ఎంత అలసిపోదువు? రేపు నీ పని ఏమి?" అని అడుగును.

హోదాకు తగిన గౌరవమిచ్చుట తప్పు కాదు. అయినను బంగారు ఉంగరము ధరించినవానిని మంచి చోట కూర్చుండబెట్టి, దరిద్రుని పాదపీఠమునొద్ద కూర్చుండుమనిన సంఘమును యాకోబు ఎంత గట్టిగా మందలించెనో నీకు తెలియును. దేహమునకు హోదా తెలియదు. పదునారు గంటలు కూర్చున్న నడుము, మేనేజరుదైనను గుమాస్తాదైనను, ఒకే రీతిగా నొచ్చును. ఆ సహోదరుని మనస్సాక్షిని పొడిచినది ఇదియే. నియమము నెరవేరినది, గాని అలసినవానికి విశ్రాంతి దొరకలేదు.

నాలుగవది, హక్కున్నను విడిచిపెట్టవలసిన సమయము కలదు. నెహెమ్యా యూదా దేశమునకు అధికారియై పండ్రెండు సంవత్సరములుండెను. అధికారికి రావలసిన భోజనపు భత్యము అతని హక్కే. ముందటి అధికారులు దానిని గట్టిగా వసూలు చేసిరి. నెహెమ్యా తీసికొనలేదు. జనులమీద భారము అధికముగా నుండుటచేతను, దైవభయము కలిగియుండుటచేతను అతడు మానుకొనెను. అంతమాత్రమున అతడు ఉపవాసముండలేదు. అతని బల్లయొద్ద ప్రతిదినము నూట ఏబదిమంది భోజనము చేసిరి. హక్కును విడిచి, చేతిని విప్పెను.

దీనికి భిన్నమైన సంగతి ఒకటి లోకము చూచినది. 2008 నవంబరులో జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్ అను మూడు మోటారు కంపెనీల అధిపతులు ప్రభుత్వ సహాయము కోరుటకు వాషింగ్టనుకు వచ్చిరి. వేలమంది కార్మికుల బ్రదుకు అల్లాడుచున్న దినములవి. ఆ ముగ్గురును వేరువేరుగా కంపెనీ సొంత విమానములలో వచ్చిరి. చట్టసభ సభ్యులు వారిని నిలదీసిరి. డిసెంబరులో మరల వచ్చినప్పుడు వారు కార్లలో వచ్చిరి. ఆ విమానమెక్కుటకు వారికి అనుమతి యుండెను. జనులమీది భారమును చూచు కన్ను మాత్రము మూతపడియుండెను. 1989లో వారెన్ బఫెట్ తన కంపెనీకి విమానము కొని, దానికి "సమర్థింపరానిది" అను అర్థమువచ్చు పేరు పెట్టెను. అది హాస్యమే, కాని దానిలో ఒప్పుకోలు కలదు. మనము చాలసార్లు అంతమాత్రమైనను ఒప్పుకొనము.

అయితే చదువరీ, ఒక గోతినుండి తప్పించుకొని మరియొక గోతిలో పడకుము. వెనుక ఆసనమును కూడ బూరగా ఊదవచ్చును. 2009 సెప్టెంబరులో మన దేశములో పొదుపు ఉద్యమము నడచినప్పుడు మంత్రులు ఎకానమీ క్లాసులో ప్రయాణము చేయుట పత్రికలలో పెద్ద వార్త అయ్యెను. వారి హృదయములను తీర్పుతీర్చుట మన పని కాదు. గాని నీవు నీ ముందటి ఆసనమును విడిచి, ఆ సంగతి పదిమందితో చెప్పుకొనినయెడల, నీ ఫలము నీవు పొందియున్నావు. అట్లే వెనుక నడచిపోవుచు ముందున్నవానిని మనస్సులో దూషించువాడును జాగ్రత్తపడవలెను. ఆ మనిషి వీపునకు శస్త్రచికిత్స జరిగియుండవచ్చును. అసూయకు టికెట్టు అవసరము లేదు; అది ఏ వరుసలోనైనను కూర్చుండగలదు.

కొన్ని మాసములకు ఆ సహోదరుడు మరల కనబడిరి. ఆయన తన ఆసనమును వేదికగా చేసికొనలేదు. కంపెనీలో నియమములు వ్రాయువారియొద్దకు వెళ్లి, దూరప్రయాణము చేసిన ఏ ఉద్యోగినైనను, ఏ హోదావాడైనను, దిగిన మరునాడే పనికి నిలువబెట్టరాదని విన్నవించిరి. మొదట ఒప్పుకొనలేదు, రెండవసారి అడుగగా, ఒక దినము విశ్రాంతికి మాత్రము ఒప్పుకొనిరట. తరువాతి ప్రయాణములో ఆయన తన పడకను ఆ చిన్నవానికిచ్చి, తాను వెనుక కూర్చుంటిరా అని నేనడుగలేదు. ఆయన చెప్పలేదు. చెప్పకపోవుటయే నాకు సంతోషము కలిగించెను.

మన ప్రభువు ఒక దినము దోనెలో ప్రయాణము చేసెను. అలసియుండి, దోనె వెనుక భాగమున తలగడమీద నిద్రించెను. ఆ నిద్రను ఆయన సిగ్గుగా ఎంచలేదు. కాని తనతోకూడ ఆ దోనెలోనున్నవారు భయపడి లేపినప్పుడు, ఆయన తలగడను పట్టుకొని పడియుండలేదు, లేచెను. నీకు తలగడ దొరికినయెడల కృతజ్ఞతతో నిద్రించుము. అదే దోనెలో మరియొకడు నలిగిపోవుచున్నాడని తెలిసినప్పుడు లేచుటకు సిద్ధముగా నుండుము.

ప్రభువా, మాకు అప్పగింపబడిన పరుల సొమ్మువిషయమై మమ్మును నమ్మకస్థులనుగా చేయుము. మాకున్న హక్కులను ఎప్పుడు వాడుకొనవలెనో, ఎప్పుడు విడువవలెనో నేర్పుము. మా వెనుక కూర్చున్నవారిని చూచు కన్నులు మాకిమ్ము. ఆమేన్.