మూగబోయిన హారను

ధ్యానవాక్యము: 1 కొరింథీ 14:8



బోధనులో 1937లో వెలసి 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారము నడిచిన దినములలో మన దారులు చెరకు బండ్లతోను లారీలతోను నిండియుండెడివి. ఆ కాలమున ధర్పల్లిలో ఒక పాత మిలిటరీ లారీ గాలి హారను మూగబోగా మేము ప్రక్కన నిలిచి చూచితిమి. డ్రైవరు బూరను తుడిచెను, మరల బిగించెను. అది పలుకలేదు.

ముసలి మేస్త్రీ వచ్చి బూరను ముట్టనే లేదు. చక్రములకు రాళ్లు అడ్డుపెట్టించి, గాలి ట్యాంకు అడుగు బిరడా విప్పెను, నీళ్లు కారెను. మరల ఇంజను నడిపి గాలి నింపించి, గొట్టముల అతుకులకు సబ్బు నీళ్లు రాచెను. ఒక నట్టు దగ్గర బుడగలు లేచెను. దానిని బిగింపగానే హారను మ్రోగెను.

"బిడ్డా, బ్రేకు పట్టేది గూడ ఈ గాలే. హారను ముందుగాల చెప్పింది, బతికినవ్" అనెను.

బూర ధ్వని తెలియకున్న సైనికుడు లేవడని పౌలు హెచ్చరించెను. మన సాక్ష్యము మూగబోయినప్పుడు మనమును బూరనే తుడుచుచున్నాము: క్రొత్త పాటలు, పెద్ద గొంతు! మానిన ప్రార్థనయొద్ద, దాచిన పగయొద్ద గాలి పోవుచున్నది. అది తరిగిపోయినయెడల శోధన అను దిగుడులో మనము నిలువగలమా?

ఈ రాత్రి దీపమార్పకమునుపే ఆ చిన్న నట్టును వెదకుదము. అలిగిన సహోదరుని యింటికి పోయి సమాధానపడుదము. ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.