కదిపేది వినిపించకూడదు

కేనోపనిషత్తు ప్రశ్నతో మొదలవుతుంది. ఈ మనసు ఎవరు కదిపితే కదులుతోంది, ఈ చెవి ఎవరి వల్ల వింటోంది అని శిష్యుడు అడుగుతాడు. గిటార్ కోసం ఇంట్లో సొంతంగా కట్టుకునే ట్రెమొలో పెడల్ ముందు కూర్చున్నా ఆ ప్రశ్నే ఎదురవుతుందని నా నమ్మకం.

ట్రెమొలో పని చిన్నది. గిటార్ నాదాన్ని సెకనుకు నాలుగైదు సార్లు తగ్గించి మళ్లీ పెంచుతుంది, అంతే. మన కంపిత గమకంలో స్వరమే ఊగుతుంది. ఇక్కడ స్వరం కదలదు, దాని బలం మాత్రమే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. కొత్త ధ్వని ఒక్కటీ కలవదు.

ఈ ఊపును లోకానికి ఎక్కించినవాళ్లలో ముఖ్యుడు అమెరికా గాయకుడు బో డిడ్లీ. 1955లో తన పేరే పెట్టి విడుదల చేసిన పాటలో అది వినిపిస్తుంది. చిన్నతనంలో షికాగోలోని బాప్టిస్ట్ చర్చిలో వయొలిన్ నేర్చుకున్నాడు. కానీ పెంతెకొస్తు చర్చిలో చప్పట్లు కొడుతూ ఒళ్లు మరిచి పాడే భక్తుల లయ ఆయన్ని లాగేసింది. గిటార్లు తానే చేసుకునేవాడు. తొలి ట్రెమొలోను కూడా పాత కారు భాగాలతో, గడియారం ముక్కలతో కట్టుకున్నానని చెప్పేవాడు. ప్రార్థనలో విన్న లయ కోసం అంత కష్టపడిన ఆ చేతులంటే నాకు గౌరవం.

ఇప్పుడు కష్టం తగ్గింది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక ఆప్‌ఆంప్ చిప్, ఒక ఎల్ఈడీ దీపం, వెలుతురును బట్టి నిరోధం మారే ఒక ఎల్‌డీఆర్, వేగానికీ లోతుకూ రెండు నాబ్‌లు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటి విడిభాగాలు దొరుకుతాయి. ఎల్ఈడీనీ ఎల్‌డీఆర్‌నీ ఎదురెదురుగా పెట్టి, బయటి వెలుతురు చొరకుండా నల్లటి గొట్టంలో మూసేస్తారు. లోపల దీపం వెలిగి తగ్గుతుంటే ఎల్‌డీఆర్ నిరోధం మారుతుంది, దానితో పాటు నాదం ఊగుతుంది. ఆ ఊపును దీపం నుంచి ఎల్‌డీఆర్‌కు మోసే తీగ లేదు, తాకిడి లేదు. వెలుతురే వారధి. ఎల్‌డీఆర్ కాస్త నిదానంగా స్పందిస్తుంది కాబట్టి ఆ ఊపులో మెత్తదనం కూడా వస్తుంది.

దీపాన్ని నడిపే ఆసిలేటర్ వేగం సెకనుకు పది కంపనాల లోపే. మన చెవి పట్టేది ఇంచుమించు ఇరవై నుంచి మొదలు. అంటే, నాదాన్ని ఆడించేది చెవికి అందని చోట ఉంటుంది. వాక్కుకూ మనసుకూ అందనిదే వాటిని నడిపిస్తోందని ఉపనిషత్తు గురువు ఇచ్చే సమాధానం నాకు ఇక్కడ గుర్తొస్తుంది.

అయితే సొంతంగా పెడల్ కట్టేవాళ్లను ఏడిపించేది ఒకటుంది. ఊపుతో పాటు ‘టిక్, టిక్’ అని చప్పుడు వస్తుంది. ఆసిలేటర్ ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడల్లా, ఆ కుదుపు ఉమ్మడి గ్రౌండ్ తీగ గుండా నాదంలోకి చొరబడుతుంది. వెనక ఉండి నడపాల్సినది ముందుకొచ్చి తన ఉనికి చాటుకుంటుంది. గుడికి ఫ్యాన్ ఇచ్చి రెక్కల మీద పేరు రాయించుకోవడం నాకు ఆ టిక్కులాగే అనిపిస్తుంది. గాలి భక్తులకు తగులుతూనే ఉంటుంది, కానీ చూపు దేవుడి మీద నుంచి పేరు మీదికి పోతుంది. సేవలో ‘నేను’ చేసే చెరుపు అది.

టిక్కును వదిలించే దారి ఉంది. ఆసిలేటర్ గ్రౌండ్‌ను నాదం దారిలో కలపకుండా, విడి తీగతో నేరుగా బ్యాటరీ దగ్గరికి తీసుకెళ్లాలి. దాని సరఫరా తీగలో వంద ఓమ్‌ల రెసిస్టర్ వేసి, అక్కడి నుంచి గ్రౌండ్‌కు వంద మైక్రోఫారడ్ కెపాసిటర్ కట్టాలి. దీపం తీగల్ని గిటార్ ఇన్‌పుట్ తీగకు దూరంగా నడపాలి.

మీ ఇంట్లో పిల్లలు ఇలాంటి పెడల్ కడుతుంటే పక్కన కూర్చోండి. మూత బిగించే ముందు గిటార్ తీగలు ముట్టుకోకుండా ఒక నిమిషం వినమనండి. టిక్ వినిపిస్తే పైన గట్టిగా వాయించి కప్పేయనివ్వకండి. ముందు ఆ గ్రౌండ్ తీగను సరిచేయించండి.