గడియ ఎటువైపు

"రాస్తానంటే రాయి. పేరు మాత్రం వద్దు," అంది అత్త.

"మళ్ళీ సిగ్గేనా?"

"కాదు, మరుగు. రెండూ ఒకటే అనుకుంటున్నావు నువ్వు."

రాజపాళయంలో తరాల కిందటే స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో మాదొకటి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆసుపత్రి కాగితాల మీద ఇంగ్లీషు. మూడు భాషలుండీ, ముట్టు ఆగిన నాలుగేళ్ళకి మళ్ళీ రక్తం కనబడితే చెప్పుకోవడానికి అత్తకి ఒక్క మాట దొరకలేదు. ఎనిమిది నెలలు దాచింది. గర్భసంచి ముఖద్వారం కేన్సర్ అని తేలాక వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు మదురైలో రేడియేషన్, దాంతోపాటు వారానికొక కీమో. ఇప్పటికి మూడేళ్ళయింది.

"ఆ ఎనిమిది నెలలూ మరుగేనంటావా అత్తా?"

"అది సిగ్గే. మరుగుకి గడియ లోపలుంటుంది, నా చేతికి అందుతుంది. సిగ్గుకి గడియ బయట. కోడలిగా వచ్చిన రోజునే వేశారు. ముట్టుగుడ్డ ఎవరి కంటా పడకుండా ఆరేసుకోమన్న ఇంట్లో, కారే రక్తం సంగతి ఎవరికి చెప్పను? పక్కనే చత్రపట్టిలో మగ్గాల మీద నేసేది గాజుగుడ్డే కదా. ఎవరెవరి పుళ్ళకో కడతారు. కాలిమీద పుండుకి సిగ్గుపడ్డవాణ్ణి చూశావా?"

నేను దిండిగల్ సంగతి చెప్పాను. 2000 నుంచి 2003 దాకా ఆ జిల్లాలో 30 నుంచి 59 ఏళ్ళ ఆడవాళ్ళని పరీక్షకి పిలిచారు. పెద్ద యంత్రాలేమీ లేవు. వెనిగర్‌కి పులుపునిచ్చే ఆమ్లాన్నే పలచగా ముఖద్వారానికి రాస్తే తేడా ఉన్నచోటు తెల్లబడుతుంది, నర్సు కంటితోనే చూస్తుంది. ఆ ఒక్క పరీక్షతో, వెంటనే చేసిన వైద్యంతో, ఈ జబ్బు మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పిలిచిన 49,311 మందిలో వచ్చింది 31,343 మంది.

"రానివాళ్ళు పద్దెనిమిది వేలు," అత్త వెంటనే తీసివేసింది. "అందరూ సిగ్గుతోనే ఆగారనను. కూలి పోతుందని ఆగినవాళ్ళుంటారు, అత్తగారు పంపక ఆగినవాళ్ళుంటారు. నాలాంటివాళ్ళూ ఉంటారు."

చుట్టాల్లో ఒకావిడ "ఏం నడత నడిచిందో" అన్నమాట నేను మరచిపోలేను. ఈ కేన్సర్‌కి మూలం హెచ్‌పీవీ అనే వైరస్ అని కనిపెట్టిన హెరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది. కలయికలో సోకే వైరస్ అది. అత్తకి మామయ్య తప్ప వేరే మగవాడు తెలియదు.

"అయితే తలదించుకోవాల్సింది మామయ్య," అన్నాను.

అత్త చాలాసేపు మాట్లాడలేదు.

"అది దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకేదేనట. చాలామందిలో ఏడాది రెండేళ్ళలో దానంతటదే పోతుందట, డాక్టరమ్మ చెప్పింది. నాలో పోలేదు. నా మెడలో వేసిన సిగ్గు తీసి ఆయన మెడలో వేస్తే అది బతికే ఉంటుంది కదే."

"మరి ఆ ఎనిమిది నెలలకి జవాబు ఎవరు చెబుతారు?"

"జవాబు అడిగాను. అది వేరు. వైద్యం అయిపోయి ఇంటికొచ్చిన రోజున, 'మీ అన్నదమ్ములకి జబ్బు పేరు మీ నోటితోనే చెప్పండి, కడుపులో గడ్డ అనకండి' అన్నాను. రెండుసార్లు మధ్యలో లేచి వెళ్ళిపోయారు. మూడోసారి చెప్పారు."

ఆ మూడోసారి నేనక్కడే ఉన్నాను. ఆ ఇంట్లో మగగొంతులో "గర్భసంచి" అన్న మాట వినడం నాకదే మొదలు. బయటివాళ్ళకి ఇది తిరుగుబాటులా కనబడకపోవచ్చు. మా కుటుంబంలో అంతకన్నా పెద్దది జరగలేదని నేనంటాను.

"ఊళ్ళో నిన్ను ధైర్యవంతురాలంటున్నారు."

"ఆ మాట వద్దు. నేనొక్కదాన్నే మోశాను, వాళ్ళు చూస్తూ కూర్చున్నా ఫరవాలేదు అన్నట్టుంటుంది. పొద్దున్నే బస్సుకి నాతో మదురై వచ్చిన పక్కింటావిడని ఎవరూ ధైర్యవంతురాలనలేదు. ఆవిడ లేకపోతే పదోరోజునే మానేసేదాన్ని."

"ఇంకేం రాయను?"

"తెల్లబట్ట వాసనతో అవుతున్నా, కలిసినప్పుడు రక్తం కనబడినా, ముట్టు ఆగాక ఒక్క చుక్క కనబడినా, ఆ వారమే డాక్టరుకి చూపించుకోమని రాయి. ముప్పై దాటినవాళ్ళని ఏ బాధా లేకపోయినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి పరీక్ష అడగమను. మగవాళ్ళూ చదువుతారు కదా, వాళ్ళని వెంట వెళ్ళమను."