గడప లోపలి అహింస



శ్రావకుని ఇంట నీరు గుడ్డతో వడకట్టి త్రాగుతారు. ప్రొద్దు క్రుంకక మునుపే భోజనం ముగిస్తారు. భూమిలో ఊరే దుంపలను వంటింటికి రానివ్వరు. కంటికి కానరాని జీవికి సైతం బాధ కలుగరాదనే ఇన్ని నియమాలు. ఇవి కొనియాడదగినవే. కాని అదే ఇంట, తలుపులు మూసిన పిమ్మట, ఇల్లాలి చెంపపై చేయి పడుతున్నట్లయితే ఆ వడకట్టిన నీటికి ఫలమేమి? అంగడిలో త్రాసు సరిగా నిలిపి, ఇంట త్రాసు తప్పినవాని లెక్క ఏ చిట్టాలో సరిపడుతుంది?

ఈ ప్రశ్న నేటిది కాదు. మహావీరస్వామి నాడే, కౌశాంబీ నగరంలో, ఒక వర్తకుని ఇంటనే పుట్టినది. శ్వేతాంబర గ్రంథాలు ఆ కథను ఇట్లు చెబుతాయి. చంపానగరపు రాజపుత్రి వసుమతి శత్రువుల దాడిలో దిక్కులేనిదై, కౌశాంబీ అంగడివీథిలో అమ్మకానికి వచ్చినది. ధనావహుడనే శ్రేష్ఠి ఆమెను విడిపించి, కూతురివలె చూచుకొన్నాడు. చందన అని పేరు వచ్చినది. శ్రేష్ఠి భార్య మూలకు అనుమానం పుట్టినది. భర్త ఇంట లేని సమయం చూచి, పిల్ల తల గొరిగించి, కాళ్ళకు సంకెళ్ళు వేసి, గదిలో త్రోసి తాళం వేసినది. మూడు దినాలు అన్నం లేదు, నీళ్ళు లేవు.

ఇంటి దాసీజనానికి సంగతి తెలుసు. యజమానురాలికి వెరచి ఎవరూ పెదవి విప్పలేదు. తుదకు ఒక ముసలి దాసి తెగించి శ్రేష్ఠికి చెప్పినది. తలుపు తెరుచుకొన్నది. చేతికందినవి ఉడికిన మినుములే. వాటిని చేటలో పెట్టి ఆమెకిచ్చి, సంకెల తెంచేందుకు కమ్మరి కోసం శ్రేష్ఠి పరుగెత్తాడు. అయిదు నెలల ఇరువదియైదు దినాలుగా ఆహారం లేని మహావీరస్వామి ఆ గడప వద్దకే వచ్చి, ఆమె చేతి మినుములను భిక్షగా గ్రహించారు. తరువాత 36,000 మంది సాధ్వులకు నాయకురాలైన చందనబాల ఈమెయే.

ఈ కథ వినని జైనకుటుంబం ఉండదు. మినుముల ఘట్టం రాగానే కన్నులు చెమ్మగిల్లుతాయి. అయితే ఆ మినుములకు ముందు ఒక తాళం ఉన్నది. ఆ తాళాన్ని తీయించినది ముసలి దాసి నోటిమాట. ఇది తరచు మరుగున పడుతున్నది.

ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రం ఏడవ అధ్యాయంలో అహింసాణువ్రతానికి అయిదు అతిచారాలు చెప్పారు: కట్టివేయడం, కొట్టడం, అవయవాలు కోయడం, మోయలేని బరువు మోపడం, అన్నపానాలు ఆపడం. పశువులను, పనివారిని చూచుకొనే తీరును గురించి పెద్దలు వీటిని వివరిస్తూ వచ్చారు. ఎద్దుకు చేయరానిది ఇల్లాలికి చేయవచ్చునా? కోడలిని గడప దాటనివ్వక, పుట్టింటితో ఫోనులో మాట్లాడనివ్వకపోవడం బంధం కాదా? నిండు గర్భిణి చేత ఇంటిల్లిపాది చాకిరీ చేయించడం అతిభారం కాదా? కోపం వచ్చినపుడు ఇంటిఖర్చుకు డబ్బు ఆపడం, ఆమె నగలను బీరువాలో పెట్టి తాళంచెవి దాచడం అన్నపాననిరోధానికి తోబుట్టువు కాదా?

దేశపు చట్టమూ ఇదే మాట అంటున్నది. 2005లో పార్లమెంటు చేసిన గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుండి అమలులోనికి వచ్చినది. దెబ్బ ఒక్కటే కాదు, లైంగిక హింస, మాటలతో మనసు నొప్పించి అవమానించడం, డబ్బు అందకుండా చేయడం కూడ ఆ చట్టం దృష్టిలో హింసయే. ఇల్లు ఆమె పేర లేకున్నా, కాపురమున్న ఇంట ఉండే హక్కు ఆమెకు ఉన్నది.

ఇది ఎక్కడో పరాయి ఇండ్ల ముచ్చట అనుకొనరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18 నుండి 49 ఏండ్ల వివాహిత స్త్రీలలో భర్త చేతి హింసను చవిచూచినవారు దేశంలో నూటికి 29 మంది. తెలుగు కుటుంబాలు తరతరాలుగా కాపురమున్న కర్ణాటకలో నూటికి 44 మంది.

పర్యుషణకు ఆడపిల్ల పుట్టింటికి వస్తుంది. మోచేతి మీద నల్లని కమిలిన గుర్తు. ‘చేతికి ఏమైందే అమ్మాయీ?’ అని తల్లి అడుగుతుంది. ‘జారిపడ్డానమ్మా’ అంటుంది పిల్ల. తల్లికి తెలుసు. తండ్రికీ తెలుసు. రెండు దినాలైన పిదప చీర పెట్టి, మిఠాయి పొట్లం చేతికిచ్చి, ‘సర్దుకుపో తల్లీ, వియ్యాలవారితో వ్యాపారం కూడ ఉన్నది’ అని బండి ఎక్కిస్తారు. పాపం మూడు విధాలని శాస్త్రం: తాను చేయడం, ఇతరుల చేత చేయించడం, చేసినదానికి ఒప్పుకొని ఊరకుండడం. కృతం అల్లునిదైతే, అనుమోదనం ఎవరి ఖాతాలో పడుతుంది?

‘అది దాని పూర్వకర్మ’ అనేవారున్నారు. ఆమె కర్మ ఆమె అనుభవించుగాక. కొట్టినవానికి ఆ క్షణాన క్రొత్త కర్మ బంధిస్తున్నది గదా! చందనకూ పూర్వకర్మ ఉన్నది. అయినా కర్మ తీరే వరకు తాళం ఉండనీ అని ముసలి దాసి ఊరకుండలేదు. ‘పరువు పోతుంది’ అనేవారున్నారు. పరువు కొట్టినప్పుడే పోయినది. చెప్పినప్పుడు తిరిగి వచ్చే దారి దొరుకుతుంది.

కావున పిల్ల చెప్పిన మాట ముందుగా నమ్మవలెను. ‘ఈ ఇల్లు నీది’ అని పుట్టింటివారు నోరార చెప్పవలెను. సంఘపెద్దలు రాజీ పేరిట ఆమెను ఒంటరిగా ఆ గదికి తిరిగి పంపరాదు. హింస జరుగుతున్నదని ఎరిగిన ఎవరైనా రక్షణాధికారికి తెలుపవచ్చును; సద్బుద్ధితో తెలిపినవారిపై ఏ బాధ్యతా ఉండదని ఆ చట్టమే చెబుతున్నది. స్త్రీల సహాయానికి 181, ప్రాణాపాయ సమయంలో 112 అనే ఫోను నెంబర్లు ఉన్నవి. ఇవి ఇంట ప్రతి ఆడపిల్లకు తెలిసి ఉండవలెను.

సంవత్సరి నాడు ఊరందరికీ చేతులు జోడించి ‘మిచ్ఛామి దుక్కడం’ అంటారు. ఈ ఏడు ఆ మాటను ముందుగా వంటింటి గడప వద్ద నిలిచి చెప్పవలెను. చెప్పి, ఎత్తిన చేతిని శాశ్వతంగా దించవలెను. మరల ఎత్తే చేతికి ఆ మాట పలికే అర్హత లేదు.

జై జినేంద్ర!