తిండివలన వచ్చు రోగమునకు నింద ఎవరిది?

ధ్యానమునకు: యోహాను 9:1–7, 2 రాజులు 20:1–7, 1 కొరింథీయులకు 8వ అధ్యాయము



మన సంఘములో ఎవరికైనను షుగరు జబ్బు వచ్చెనని గాని, గుండెపోటు వచ్చెనని గాని వినినప్పుడు మన నోట మొదట వచ్చు మాట ఏది? “నోరు కట్టుకొనలేదు, అందుకే వచ్చినది” అని కొందరందురు. “విశ్వాసము చాలలేదు” అని మరికొందరందురు. “మనచేత ఏమున్నది, అంతయు పైవాని చిత్తము” అని ఇంకొందరందురు. ఈ మూడు మాటలలో ఏదియు రోగికి మేలు చేయదు. మొదటిది అతనిని సిగ్గుపరచును. రెండవది అతనిచేత మాత్రలు మాన్పించును. మూడవది చేయదగిన పనిని సయితము చేయనియ్యదు. కాబట్టి ఈ నెల మనము ఈ సంగతిని వాక్యపు వెలుగులో ఆలోచింతము. తిండివలన వచ్చు రోగమునకు నింద ఎవరిది? బాధ్యత ఎవరిది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఒకటే అనుకొనుటవలననే మనము పొరపడుచున్నామని మా తలంపు.

నెత్తురులో జరుగు సంగతి

మనము తినిన కొవ్వును, మన కాలేయము తయారుచేయు కొవ్వును నెత్తురులో ప్రయాణము చేయవలెను. నూనె నీళ్లతో కలియదు గదా! అందుచేత ఆ కొవ్వు చిన్న చిన్న మూటలుగా కట్టబడి నెత్తురులో పోవును. ఎల్.డి.ఎల్. అను మూటలు కొలెస్ట్రాలును ఒంటికంతటికి మోసికొనిపోవును. అవి మితిమీరిన యెడల రక్తనాళముల గోడలలో దిగబడి, కుండ అడుగున గార పట్టినట్లు ఏండ్ల తరబడి పేరుకొని, త్రోవను ఇరుకు చేయును. ఆ గార ఒకనాడు పగిలి, అక్కడ నెత్తురు గడ్డకట్టిన యెడల గుండె కండకు నెత్తురు అందదు. అదే గుండెపోటు. హెచ్.డి.ఎల్. అను మూటలు మిగులు కొలెస్ట్రాలును తిరిగి కాలేయమునకు చేర్చుటకు తోడ్పడును. ట్రైగ్లిజరైడ్లు అనునవి ఒళ్లు దాచుకొను కొవ్వు.

అమెరికా దేశములోని ఫ్రామింగ్‌హామ్ అను పట్టణములో 1948లో మొదలుపెట్టి, 5,209 మంది స్త్రీపురుషులను వైద్యులు ఏండ్ల తరబడి పరీక్షించుచు వచ్చిరి. నెత్తురులో కొలెస్ట్రాలు, రక్తపోటు, పొగ త్రాగుట, షుగరు జబ్బు, వీటికిని గుండెజబ్బునకును గల సంబంధము ఆ పరిశోధనవలన లోకమునకు స్పష్టమాయెను.

ఇక్కడ మన కూలి సహోదరుడు ఒక మాట అడుగును: “మేము మాంసము ఆదివారము తప్ప ఎరుగము. నెయ్యి పండుగకు గాని చూడము. మాకెక్కడి కొవ్వు?” ఇది న్యాయమైన ప్రశ్న. జవాబు ఏమనగా, కొవ్వు తినినవానికి మాత్రమే నెత్తురులో కొవ్వు పెరుగదు. పూటపూటకు పళ్లెము నిండ తెల్లని అన్నము, పలుచని చారు, దినమునకు నాలుగైదు సార్లు చక్కెర టీ, కొందరికి సాయంకాలము సారాయి. ఒంటికి ఖర్చు కాని ఆ పిండిని, తీపిని, సారాయిని కాలేయము ట్రైగ్లిజరైడ్లుగా మార్చివేయును. అందుకే మన దేశస్థుల నెత్తురులో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగాను, మేలుచేయు హెచ్.డి.ఎల్. తక్కువగాను ఉండుట విస్తారముగా కనబడుచున్నది. నడుము చుట్టు కొవ్వు చేరిన కొలది ఇన్సులిన్ మాట ఒళ్లు వినదు. నెత్తురులో చక్కెర నిలిచిపోవును. ఆ చక్కెర తిరిగి రక్తనాళములను చెరుపును. గనుక షుగరు జబ్బును గుండెజబ్బును తోడబుట్టినవే.

మన మెట్టసీమ పళ్లెము

కలిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు మెట్టసీమ. మన తాతలు సజ్జ, జొన్న, రాగి, వరిగ, కొర్ర తినిరి. వరి అన్నము పండుగకో చుట్టము వచ్చిననాటికో వండుకొనెడివారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. పస్తులు పండుకొనిన ఇండ్లకు అది అరణ్యములో మన్నావలె నుండెను. ఆ మేలును మరచుట కృతఘ్నత. అయితే మరలో బాగుగా పాలిషు పట్టిన బియ్యమునకు తవుడు పోవును, పీచు పోవును. మిగిలిన పిండి త్వరగా చక్కెరయై నెత్తురులో చేరును. ఇంతలో బావికి మోటారు వచ్చినది, పొలమునకు ఆటో వచ్చినది, పొయ్యికి గ్యాసు వచ్చినది. పళ్లెములో అన్నము పెరిగెను, కాళ్లకు నడక తగ్గెను.

ఇది పట్టణపు ధనవంతుల రోగమని ఇంకను అనుకొనువారు ఒక సంగతి వినవలెను. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాలలో 45 గ్రామములలో సంభవించిన మరణములను విచారింపగా, ఇంచుమించు మూడవ వంతు గుండెకును రక్తనాళములకును సంబంధించిన రోగములవలననే కలిగెనని తేలినది. దేశములో షుగరు జబ్బు గలవారు 10 కోట్లు దాటిరని భారత వైద్య పరిశోధనా మండలివారి సర్వే 2023లో వెల్లడించెను.

మేము గతకాలమును పొగడుటకు ఇది వ్రాయుటలేదు. ఆ కాలమున సజ్జ సంగటితోపాటు ఆకలియు, గంజియు, పసిబిడ్డల చావులును ఉండెను. మరియు పెద్ద సంగటి ముద్ద తినినను నెత్తురులో చక్కెర పెరుగును. చిరుధాన్యము మేలైనదే గాని, దానిని మితముగా, పప్పుతోను ఆకుకూరతోను తినినప్పుడే ఆ మేలు కలుగును.

వీడా, వీని కన్నవారా?

పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్న మనకు తెలిసినదే. తప్పు వానిదా, వాని తల్లిదండ్రులదా అని వారు తెలిసికొనగోరిరి. ప్రభువు ఆ రెంటిని త్రోసివేసెను. వానియందు దేవుని పని కనబడవలసియున్నదని చెప్పి, తానే వంగి, మట్టి తడిపి, వాని కన్నులకు పూసెను. నింద ఎవరిదని విచారించుచు ఆయన నిలిచిపోలేదు.

ఈనాటి వైద్యశాస్త్రము చెప్పు సంగతులు ఈ వాక్యమునకు ఎంత దగ్గరగా ఉన్నవో చూడుడి. ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ అను వైద్యుడు పాత జనన లెక్కలను పరిశీలించి, తక్కువ బరువుతో పుట్టిన శిశువులు పెద్దవారైన పిమ్మట గుండెజబ్బుచేత మరణించుట ఎక్కువని 1989లో వెల్లడించెను. పూనా దగ్గరి పల్లెలలో 1993 మొదలు జరిగిన పరిశోధనలో శిశువులు సగటున 2.7 కిలోలు తూగిరి. ఇంగ్లండు శిశువులు 3.5 కిలోలు తూగిరి. మన శిశువులకు కండ తక్కువైనను కొవ్వు పాలు అంతగా తగ్గలేదు. అనగా గర్భములో ఆకలి ఎరిగిన ఒళ్లు, దొరికినదెల్ల దాచుకొనుట అక్కడనే నేర్చుకొనును. అట్టి బిడ్డకు పెద్దయిన తరువాత అన్నము సమృద్ధిగా దొరికిన యెడల షుగరు జబ్బు సులభముగా పట్టును. కడుపుతో ఉండియు కూలికి పోయి, అందరు తినిన తరువాత అడుగంటినది తినిన తల్లి ఏమి పాపము చేసెను? ఆమె బిడ్డ ఏమి పాపము చేసెను?

కొందరికి పుట్టుకతోనే ఎల్.డి.ఎల్. మిక్కుటముగా నుండును. దానిని నెత్తురునుండి తీసివేయు ద్వారములు వారి కణములలో కొరతపడుటయే కారణమని బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అను ఇద్దరు వైద్యులు కనుగొనిరి. 1985లో వారికి నోబెల్ బహుమానము దొరకెను. అట్టివారు ఎంత పథ్యము చేసినను మందు లేనిదే తీరదు. కాబట్టి రోగిని చూచి “నోరు కట్టుకొనలేదు” అనుటకు ముందు మన నోటిని మనమే కట్టుకొందము.

నింద లేదు, బాధ్యత కలదు

అయితే నింద లేదని బాధ్యతయు లేదందుమా? మన మండలములోనే దీనికి జవాబు ఉన్నది. 1992లో కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలు రాత్రి చదువులకు కూడి, సారాయివలని నాశనమును గూర్చి పాఠము చదివి, రోశమ్మగారు మొదలైనవారు ముందు నడువగా, తమ ఊరిలో సారాయి అమ్మకము మాన్పించిరి. ఆ కదలిక రాష్ట్రమంతట ప్రాకెను. 1993 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము సారాయిని నిషేధించెను. వారు త్రాగుబోతును తిట్టి ఊరకుండలేదు. అతని దారిలో నున్న అంగడిని తీసివేసిరి. త్రాగువానికి త్రాగుడు మానుట కష్టమని వారికి తెలియును. ఊరంతయు కూడిన యెడల అది సులభమగునని కూడ వారు గ్రహించిరి.

కొరింథు సంఘమునకు పౌలు నేర్పినదియు ఇదియే. భోజన విషయములో ఏది తినుటకు నాకు హక్కు కలదని కాక, నా భోజనమువలన నా సహోదరుడు పడిపోవునా అని అతడు అడిగెను. మన విందులను ఈ ప్రశ్నతో పరీక్షించుకొందము. క్రిస్మసు విందులో షుగరు జబ్బు గల పెద్దకు పళ్లెములో లడ్డు పెట్టి, “పండుగనాడు ఒక్కటి తినిన ఏమగును, మా మీద ప్రేమ లేదా?” అని బలవంతము చేయుదుము. అతడు మొగమాటముచేత తినును. ఆదరించితిమని మనము సంతోషించెదము. ప్రేమ విందు పేరిట సహోదరునికి హాని చేయవచ్చునా? పెండ్లిలో గాని, మరణదినపు కూడికలో గాని, ఆకుకూర, పప్పు, మజ్జిగ, పచ్చి ముక్కలు కూడ వడ్డింపుడి. వద్దన్నవానిని మరల అడుగకుడి.

ఉపవాస ప్రార్థనలను గూర్చి గట్టిగా చెప్పవలసిన మాట ఒకటి కలదు. షుగరుకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడువారు వైద్యుని అడుగక ఉపవాసముండరాదు. మందు వేసికొని తినకుండిన యెడల చక్కెర ఒక్కసారిగా పడిపోయి, చెమటలు పట్టి, తెలివి తప్పి, ప్రాణమునకే ముప్పు రావచ్చును. సంఘ పెద్దలు ఈ మాట ముందుగానే అందరి యెదుట చెప్పిన యెడల, తినువారికి సిగ్గు ఉండదు. దేవుడు కోరిన ఉపవాసము ఆకలిగొనినవానితో అన్నము పంచుకొనుటయని యెషయా 58వ అధ్యాయము నేర్పుచున్నది.

ప్రార్థన చేసితిమని మాత్రలు మానువారు హిజ్కియాను జ్ఞాపకము చేసికొనవలెను. దేవుడు అతని ప్రార్థన ఆలకించి, ఆయుష్షు పొడిగింతునని మాట ఇచ్చిన తరువాతనే, ప్రవక్త అంజూరపు ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. ప్రార్థనయు మందును ఒకదానితో ఒకటి పోరాడలేదు. కొలెస్ట్రాలు మాత్ర గాని షుగరు మాత్ర గాని వైద్యుని మాట లేక మానకుడి.

ఇంటిలో చేయదగినవి

పళ్లెములో సగము కూరలు, ఆకుకూరలు ఉండవలెను. పావు భాగము పప్పు, గ్రుడ్డు, చేప వంటివి, పావు భాగము మాత్రమే అన్నమో సంగటియో ఉండవలెను. పప్పునకును కూరలకును డబ్బు చాలదనువారు పెరటిలో మునగ, తోటకూర, గోంగూర వేసికొనవచ్చును. ఒకసారి కాగిన నూనెను మరల మరల కాచరాదు. వనస్పతిని దూరముగా ఉంచుడి. ఉప్పు ఒక్కొక్కరికి దినమునకు ఒక చిన్న చెంచాకు మించరాదు. ఊరగాయలోను ఎండుచేపలోను ఉన్న ఉప్పు కూడ ఆ లెక్కలోనిదే. దినమునకు అరగంట వేగముగా నడువుడి. చుట్ట, బీడీ మానుడి. పొగాకు వేలము కేంద్రము కలిగిరిలోనే ఉన్నది. దానిని పండించి అప్పు తీర్చుకొను రైతును మేము నిందింపము గాని, ఆ పొగ గుండెకు చేయు హానిని దాచిపెట్టుటయు ప్రేమ కాదు.

ముప్పది ఏండ్లు దాటినవారందరు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములో రక్తపోటును, చక్కెరను చూపించుకొనవలెను. పరగడుపున చక్కెర 100 లోపు ఉండుట మంచిది. 126 గాని అంతకు మించి గాని ఉండిన యెడల, మరల పరీక్షించి షుగరు జబ్బని వైద్యులు నిర్ణయింతురు. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండవలెను. ఎదలో బరువు, ఎడమ చేతికిగాని దవడకుగాని ప్రాకు నొప్పి, చెమటలు కలిగిన యెడల గ్యాసు అనుకొని సోడా త్రాగుచు కూర్చుండక, 108 బండి పిలిచి ఆసుపత్రికి పోవలెను.

ఇంకొక మాట ఇంటి మగవారితో. షుగరు జబ్బు గల భార్య గాని తల్లి గాని అందరికిని వడ్డించి, మిగిలిన అన్నమును పారవేయ మనసొప్పక తానే తినుచున్నదేమో చూడుడి. ఆమె పళ్లెములో కూర మిగిలియున్నదా? అది చూచుట మీ పని.

ప్రభువు బల్లయొద్దకు మనము నెలనెల వచ్చుచున్నాము. కొరింథులో కొందరు కడుపు నిండ తినగా మరికొందరు ఆకలితో నుండిరని పౌలు దుఃఖించెను. ఒకే శరీరమని చెప్పుకొనుచు ఒకరి శరీరమును ఒకరు లెక్కచేయకుండుట వారి దోషము. మన విందులలోను మన ఇంటి బల్లలయొద్దను ఆ దోషము లేకుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక.

ప్రార్థన: అన్నము ననుగ్రహించు తండ్రీ, ఆకలినుండి మమ్మును కాపాడితివి, సమృద్ధిలోను కాపాడుము. రోగియైన సహోదరుని నిందింపని నాలుకను, అతని పళ్లెమును తలంచు హృదయమును మాకు దయచేయుము. ఆమేన్.