బదరీవృక్షము క్రింద కూర్చున్నవాడు

ధ్యాన భాగము: 1 రాజులు 19:1–18



పంట పోయిన దుఃఖమునకు కారణము చెప్పగలము. బిడ్డకు జ్వరము వచ్చిన చింతకును కారణము చెప్పగలము. కాని కారణము చెప్పలేని దిగులొకటి కలదు. పగలు పనిలో నుండగా అది దాగియుండును; రాత్రి దీపమార్పిన తరువాత లేచి కూర్చుండును. నేనెందుకు బ్రదుకుచున్నాను? ఇంత కష్టపడినది దేనికొరకు? చనిపోయిన తరువాత నేనేమగుదును? అని అడుగును. సంఘములో దీనిని పైకి చెప్పుకొనువారు తక్కువ. చెప్పినయెడల విశ్వాసము చల్లారినదందురేమో యని వారి భయము. అట్లు మౌనముగా నున్నవారి కొరకే ఈ నెల ఈ మాటలు వ్రాయుచున్నాను.

ఏలీయాను చూడుడి. కర్మెలు పర్వతముమీద జనులందరి యెదుట జయము పొందినవాడు, యెజెబెలు బెదిరింపు విని పారిపోయెను. బెయేర్షెబాలో తన దాసుని విడిచి, ఒంటరిగా అరణ్యములోనికి పోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి, తన ప్రాణము తీసికొమ్మని దేవుని వేడుకొనెను. తన పితరులకంటె తాను మంచివాడను కాననెను. ఇది కేవలము యెజెబెలు భయము కాదు. చంపబడుటకు భయపడి పారిపోయినవాడే చావు కోరుచున్నాడు! తన బ్రదుకునకు అర్థము లేదని తోచినవాని మాట యిది.

ఈ దిగులు ప్రవక్తలకే గాని మనకు రాదనుకొనవద్దు. మన సిద్దిపేట ప్రాంతములో క్రొత్తవానిని మొదట అడుగు ప్రశ్న, "మీదే ఊరు?" అని. 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన మల్లన్నసాగర్ జలాశయము కొరకు వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డకిష్టాపూర్ మొదలైన గ్రామములు ఖాళీ అయినవి. అక్కడి జనులలో అనేకులు గజ్వేల్ సమీపమున కట్టిన కాలనీలకు చేరిరి. భూమికి వెల కట్టవచ్చును, ఇంటికిని కట్టవచ్చును. కాని నీళ్ల క్రింద నున్న ఊరి పేరు తన ఊరిగా చెప్పవలసినవానికి, తానెవడో చెప్పుటయే కష్టమగును. అట్టివాని నిట్టూర్పు డబ్బు చాలలేదనుట మాత్రమే కాదు.

పాల్ టిల్లిక్ అను వేదాంత పండితుడు 1952లో ప్రకటించిన గ్రంథములో ఈ దిగులును మూడు విధములుగా వివరించెను: మరణమును విధిని గూర్చినది, శూన్యమును అర్థహీనతను గూర్చినది, అపరాధమును శిక్షను గూర్చినది. ఇది మనుష్యుడై యుండుటలోనే యున్నదనియు, దీనిని రోగముతో కలిపివేయరాదనియు ఆయన బోధించెను. ప్రశ్న వచ్చుట పాపము కాదు. కాని ఆ ప్రశ్న మనుష్యుని నిద్రను, ఆకలిని, పనిని మ్రింగివేయునప్పుడు అతనికి సహాయము కావలెను.

దేవుడు ఏలీయాకు చేసిన సహాయము యొక్క వరుసను గమనించుడి. మొదట ఆయన గద్దింపలేదు, ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చెను. దూత తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన అప్పమును నీళ్లను చూపెను. తిని త్రాగి మరల పండుకొనగా రెండవ మారును లేపి తినిపించెను; ప్రయాణము అతని శక్తికి మించినదని చెప్పెను. హోరేబులో దేవుడు రెండు మారులు ఒకే ప్రశ్న అడిగి, రెండు మారులును అతని మొరను పూర్తిగా వినెను. తరువాతనే పని అప్పగించెను. ఎలీషాను తోడుగా ఇచ్చెను. ఒంటరినని చెప్పినవానికి ఏడువేలమంది యున్నారని తెలిపెను.

నేడు మనస్సునకు చేయు వైద్యము, అనగా కౌన్సెలింగు లేక థెరపీ, ఈ వరుసకు దూరమైనది కాదు. మంచి కౌన్సెలరు నిద్ర ఆహారములను గూర్చి విచారించును. తీర్పు తీర్చక వినును. కలిసిపోయిన భయములను విడదీసి ఒక్కొక్క దానికి పేరు పెట్టుటకు సహాయపడును. చేయదగిన చిన్న పనియొకటి నీవే ఎన్నుకొనునట్లు నడిపించును. వియన్నా వైద్యుడగు విక్టర్ ఫ్రాంక్ల్ నాజీల నిర్బంధ శిబిరములలో తలిదండ్రులను, భార్యను పోగొట్టుకొని 1945లో విడుదల పొందెను. జీవితపు అర్థమును వైద్యుడు మందువలె వ్రాసి ఇయ్యలేడనియు, ప్రతివాడును తన పనిలో, ప్రేమలో, తప్పించుకొనలేని శ్రమయెడల తాను వహించు వైఖరిలో దానిని కనుగొనవలెననియు ఆయన బోధించెను.

"ప్రార్థన చాలదా?" అని కొందరడుగుదురు. దూత అప్పము తెచ్చినప్పుడు ఏలీయా ప్రార్థనకు అవమానము కలిగెనా? మెథడిస్టు మిషనెరీయైన ఇ. స్టాన్లీ జోన్స్ దొరగారు మన దేశములో సేవ చేసిన తొలి సంవత్సరములలో తామే మానసికముగా క్రుంగిపోయిరి. ప్రార్థనను గూర్చి అంతగా బోధించిన ఆయనయే 1950లో లక్నోలో నూర్ మంజిల్ అను మానసిక చికిత్సాలయమును స్థాపించిరి. ప్రార్థించు చేతులే ఆసుపత్రి తలుపు తెరచినవి.

కాబట్టి ప్రియులారా, రెండు వారములకు మించి నిద్ర పట్టకున్నను, ఆహారము రుచించకున్నను, పనిమీద మనస్సు నిలువకున్నను వైద్యుని యొద్దకు వెళ్లుడి. చావు తలంపు వచ్చినయెడల ఒక్క దినమైనను ఆగవద్దు, ఇంటివారితో చెప్పుడి. 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరు ద్వారా రాత్రింబగళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడవచ్చును. వైద్యుడు ఇచ్చిన మందును, ప్రార్థన చేయించుకొంటినని చెప్పి మీ అంతట మీరు మానివేయవద్దు.

సంఘ పెద్దలారా, తల్లులారా, ఎవరైనను మీయొద్దకు వచ్చి, బ్రదుకు విసికినదని చెప్పినయెడల వెంటనే వాక్యము చెప్పి నోరు మూయింపకుడి. ఒక ముద్ద అన్నము పెట్టి, ప్రక్కన కూర్చుండి, చివరివరకు వినుడి. ఒంటరిగా పంపివేయక ఆసుపత్రికి తోడుగా వెళ్లుడి. బదరీవృక్షము క్రిందికి దూతను పంపిన దేవుడు నేడు మిమ్మును పంపుచున్నాడు.

దిగులుతో ఉన్నవాడా, నీ ప్రశ్నకు దేవుడు కోపపడలేదు. గాలిలోను, భూకంపములోను, అగ్నిలోను లేని ప్రభువు నిమ్మళమైన స్వరముతో ఏలీయాతో మాటలాడెను. ఆ స్వరము వినువరకు నిద్రించుము, భుజించుము, తోడు వెదకుము. సమాధానకర్తయగు దేవుడు నీకు తోడైయుండును గాక. ఆమేన్.